నల్లోడితో బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా

మా ఇల్లు ఒడిశాలోని బరంపురంలో, పట్టుచీరల మగ్గాలుండే వీధిలో. మా నల్లోడు వీధిలో పుట్టి మా అరుగెక్కిన కుక్క. వదిలేసి ఊరెళ్తే ఎవరు పెట్టినా ముద్ద ముట్టడు. అందుకని మూడేళ్లుగా ధనుర్మాసంలో వాణ్ని కారు వెనక సీట్లో ఎక్కించుకునే జౌగడ, చంద్రగిరి, పర్లాకిమిడి చుట్టి వస్తున్నాం. మీకూ వెళ్లాలనుంటే నాకు తెలిసింది చెబుతాను.

రోజుకు ఒక్క ఊరే పెట్టుకోండి. రేబిస్ టీకా వేయించిన కాగితం పర్సులో ఉండాలి. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి అయిపోవాలి. మొదటి ఏడాది జాలిపడి, కారెక్కేముందు రెండు ఇడ్లీలు పెట్టాను. తప్తపాణి ఘాటీ మలుపుల్లో మొత్తం కక్కేశాడు. ఇప్పుడు తెల్లవారుజామునే కాస్త పెరుగన్నం, అంతే. రెండు గంటలకోసారి కారాపి నీళ్లు పట్టి, నడిపించండి. దారిలో మీరు పకోడీలు తింటుంటే ఎంత బతిమాలినట్టు చూసినా పెట్టొద్దు, ఉల్లిపాయ కుక్కలకు విషం.

ముందు జౌగడ. పురుషోత్తంపురం దగ్గర, ఋషికుల్య ఒడ్డున, క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు శాసనాలు చెక్కించిన బండ. కుక్కతో వచ్చినవాళ్లు ఇక్కడ తీరిగ్గా కూర్చోవాలంటాను. ఆ బండ మీది రెండో శాసనంలోనే ఉంది: మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, మూలికలు నాటించాననీ, బాటల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించాననీ. మా ఆయన లోపల చూస్తుంటే నేను కంచె బయట నల్లోడికి గిన్నెలో నీళ్లు పోశాను. ఆ మాట అప్పుడు తలుచుకుంటే గుండె నిండిపోయింది. లోపలికి మాత్రం ఒకరి తర్వాత ఒకరు వెళ్లండి. చలికాలమేగా అని కుక్కను కారులో పెట్టి అద్దాలు బిగించొద్దు. ఎండలో నిలిపిన కారు పుష్యమాసంలోనూ పొయ్యిలా కాగుతుంది.

ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి మాత్రం కుక్కను తీసుకెళ్లకండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకొద్దీ వచ్చి గుడ్లు పెడతాయి. కుక్క కాలు ఇసుకను తవ్వకుండా ఉండదు.

తప్తపాణిలో గంధకపు వేడినీళ్లు తాగనివ్వొద్దు, దిగనివ్వొద్దు. అక్కణ్నుంచి చంద్రగిరి. టిబెట్ నుంచి వచ్చినవాళ్లు 1960లలో స్థిరపడిన చోటు. జీరంగ్‌లో పెద్ద బౌద్ధ మఠం ఉంది. రాత్రి చలి ఎముకలు కొరికేస్తుంది, పాత బొంత ఒకటి వాడికోసమే పట్టుకెళ్లండి. బస గురించి ఫోనులో 'కుక్క ఉంది' అని చెబితే చాలదు, మెసేజీలో రాయించుకోండి. ఒకచోట సరేనని చెప్పి, గుమ్మం దగ్గర కాదన్నారు. ఆ రాత్రి ముగ్గురం కారులోనే పడుకున్నాం.

పర్లాకిమిడికి పగలే చేరండి. గజపతి జిల్లా అడవుల్లో ఏనుగులుంటాయి, మంచులో రోడ్డు కనబడదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు అది. సవర భాష నేర్చుకుని దానికోసం పాటుపడింది కూడా ఆ రోజుల్లోనే. రాజుగారి కోట వైపు సాయంత్రం నడిస్తే బాగుంటుంది గానీ వీధికుక్కలు ఎదురొస్తాయి. గొలుసు పొట్టిగా పట్టుకుని అవతలి పక్కకు దాటండి, వాణ్ని ఎత్తుకోవద్దు.

ఇంటికి రాగానే కాలివేళ్ల సందుల్లో పల్లేరు ముళ్లు, చెవుల వెనక పిడుదులు వెతకండి. నేను దీపం పెట్టుకుని అరగంట చూశాకే నల్లోణ్ని మగ్గం గదిలోకి రానిస్తాను.