తిరుపతి లాడ్జి సైటుకు క్లౌడ్‌వాచ్ అలారాలు: ఏవి పెట్టాలి, ఎక్కడ మోగాలి

తిరుమల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజున తిరుపతి లాడ్జీల సైట్లకు, టాక్సీ బుకింగ్ సైట్లకు తాకిడి ఒక్కసారిగా పెరుగుతుంది. టికెట్ చేతికందినవాళ్లు ఆ వెంటనే వెతికేది గది, బండి. ఆ గంటలో మీ సైటు తెరుచుకోకపోతే యాత్రికుడు ఆగడు, పక్క లాడ్జిలో గది తీసుకుంటాడు. లాడ్జి యజమానికి సంగతి తెలిసేది సాయంత్రం బుకింగులు లెక్క చూసుకున్నాకే. అలాంటి సైట్లను నడిపే చిన్న జట్ల కోసం ఈ వివరాలు. ఇక్కడ తీసుకున్న అమరిక ఇది: అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్‌లో లైనక్స్ వేసిన ఒక టీ3 స్మాల్ సర్వరు (ఈసీ2), దాని ముందు తాకిడిని అందుకుని సర్వరుకు పంపే ఒక అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్, వెనక ఒక మైఎస్‌క్యూఎల్ ఆర్‌డీఎస్ డేటాబేస్.

సర్వర్ల కొలతలను (మెట్రిక్‌లను) గమనిస్తూ, హద్దు దాటితే కబురు పంపే ఏడబ్ల్యూఎస్ సేవ క్లౌడ్‌వాచ్. అందులో మామూలు అలారాలు నెలకు పది వరకు ఉచితం. ఈ అమరికకు ఆ పది చాలు. ఒక్కోటి పెట్టేముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది రాత్రి రెండింటికి మోగితే ఎవరు లేవాలి, లేచి ఏం చేయాలి? జవాబు దొరకకపోతే ఆ అలారం వద్దు. ఊరికే మోగే అలారాలు నాలుగు ఉన్నాయంటే, నిజంగా పని ఉన్న ఐదోదాన్ని కూడా ఎవరూ తెరిచి చూడరు.

మొదట రీజియన్, తర్వాత కబురు వెళ్లే దారి

రీజియన్ అంటే ఏడబ్ల్యూఎస్ యంత్రాలున్న ప్రాంతం. అలారం ఏ రీజియన్‌లో ఉంటే ఆ రీజియన్ మెట్రిక్‌లనే చూస్తుంది. ఏడబ్ల్యూఎస్‌కు మన దేశంలో ముంబైతో పాటు 2022 నవంబరు నుంచి హైదరాబాద్ రీజియన్ కూడా ఉంది. సర్వరు ముంబైలో ఉండి, కన్సోల్ పైమూల హైదరాబాద్ ఎంచుకుని ఉంటే మెట్రిక్‌ల జాబితా ఖాళీగా కనిపిస్తుంది. ఏదో చెడిపోయిందని వెతుకులాట మొదలుపెట్టేముందు ఆ మూల చూడండి.

కబుర్లు పంపే సేవ ఎస్‌ఎన్‌ఎస్‌లో టాపిక్ (కబురు అందాల్సినవారి జాబితా) కూడా అదే రీజియన్‌లో తయారుచేయండి. రకం స్టాండర్డ్. దానికి కనీసం ఇద్దరి మెయిలు చిరునామాలు చేర్చండి. ప్రతి ఒక్కరికీ నిర్ధారణ మెయిలు వస్తుంది, అందులోని లింకు నొక్కేదాకా ఆ చిరునామా ‘పెండింగ్ కన్ఫర్మేషన్’లోనే ఉంటుంది, దానికి ఒక్క అలారం కూడా చేరదు. ఆ మెయిలు స్పామ్‌లో పడి ఉండటం చాలా మామూలు. ఒకే గ్రూపు చిరునామా పెట్టడం తేలికగా అనిపిస్తుంది గానీ, ప్రతి మెయిలు అడుగునా చందా రద్దుచేసే లింకు ఉంటుంది. గ్రూపులో ఎవరో ఒకరు దాన్ని నొక్కితే అందరికీ ఆగిపోతుంది. విడివిడిగా చేర్చడమే మేలు.

టాపిక్‌కు ఎన్‌క్రిప్షన్ పెట్టేటప్పుడు ఎస్‌ఎన్‌ఎస్ సొంత డిఫాల్ట్ కీ ఎంచుకోవద్దు. ఆ కీని వాడే అనుమతి క్లౌడ్‌వాచ్‌కు ఉండదు, ఇవ్వడానికీ వీలులేదు. అలారం ఎర్రగా మారుతుంది, మెయిలు మాత్రం రాదు. ఎన్‌క్రిప్షన్ తప్పనిసరైతే కీలను నిర్వహించే సేవ కేఎమ్‌ఎస్‌లో సొంత కీ తయారుచేసి, దాని పాలసీలో క్లౌడ్‌వాచ్‌కు అనుమతి రాయండి.

ఎస్‌ఎమ్‌ఎస్ స్థానిక రూటులో పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వేదికలో సంస్థను, సందేశం టెంప్లేట్‌ను నమోదు చేయించాలి. అంతవరకు మెయిలుతోనే నడపండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో జీమెయిల్ ఉంటే, అలారం మెయిళ్లకు ఒక లేబుల్ పెట్టి, ఆ లేబుల్‌కు మాత్రం పెద్ద రింగ్‌టోన్ ఇవ్వండి.

ఒక అలారాన్ని చివరిదాకా పెట్టి చూద్దాం

బుకింగ్ చేసేవారికి ఎర్రర్ పేజీ కనపడటమే అసలు నష్టం కాబట్టి దానితో మొదలుపెడదాం. క్లౌడ్‌వాచ్‌లో ‘ఆల్ అలార్మ్స్’ తెరిచి ‘క్రియేట్ అలార్మ్’ నొక్కండి. ‘సెలెక్ట్ మెట్రిక్’లో అప్లికేషన్ ఈఎల్‌బీ కిందకు వెళ్లి, మీ లోడ్ బ్యాలెన్సర్ వరుసలో ‘హెచ్‌టీటీపీ కోడ్ టార్గెట్ 5ఎక్స్ఎక్స్ కౌంట్’ (సర్వరు వైపు ఎర్రర్ల లెక్క) ఎంచుకోండి.

స్టాటిస్టిక్ దగ్గర ‘సమ్’ పెట్టాలి. డిఫాల్ట్‌గా వచ్చే ‘యావరేజ్’ను వదిలేస్తే ఎర్రర్లు ఒకటైనా వెయ్యైనా విలువ 1 అనే వస్తుంది, అలారం జన్మలో మోగదు. పీరియడ్ 1 నిమిషం. షరతు: 5 లేదా అంతకు మించి. ‘అడిషనల్ కాన్ఫిగరేషన్’లో ‘డేటాపాయింట్స్ టు అలార్మ్’కు 5లో 3 ఇవ్వండి. ఐదు నిమిషాల్లో ఏ మూడు నిమిషాలైనా హద్దు దాటితేనే మోగుతుంది కాబట్టి, ఒక్క నిమిషం తడబాటుకు ఎవరి నిద్రా చెడదు.

దాని కిందే ఉండే ‘మిస్సింగ్ డేటా ట్రీట్‌మెంట్’ చాలామంది కన్ను ఆనని గడి. ఎర్రర్లు లేని నిమిషానికి లోడ్ బ్యాలెన్సర్ సున్నా పంపదు, అసలేమీ పంపదు. డిఫాల్ట్ ఎంపికను అలాగే ఉంచితే ఎర్రర్లు లేని రోజంతా ఈ అలారం ‘ఇన్‌సఫిషియెంట్ డేటా’ అని బూడిద రంగులో కూర్చుంటుంది. ఇక్కడ ‘గుడ్’ అనే ఎంపిక సరైనది: డేటా రాకపోతే అంతా బాగున్నట్టే. అదే ఎంపికను సర్వరు లోపలినుంచి వచ్చే మెమరీ, డిస్కు మెట్రిక్‌లకు పెడితే ప్రమాదం. సర్వరు చచ్చిపోయినా అలారం పచ్చగా నవ్వుతూ ఉంటుంది. అక్కడ ‘బ్యాడ్’ పెట్టండి: డేటా ఆగిందంటే ఏదో జరిగినట్టే. ప్రతి అలారానికీ ఈ గడిని విడిగా ఆలోచించి నింపాలి.

తర్వాతి పేజీలో ‘ఇన్ అలార్మ్’కు మీ టాపిక్ ఇచ్చి, ‘యాడ్ నోటిఫికేషన్’ నొక్కి ‘ఓకే’ స్థితికి కూడా అదే టాపిక్ ఇవ్వండి. స్థితి మారినప్పుడే మెయిలు వస్తుంది, మోగుతూ ఉన్నంతసేపు మళ్లీ మళ్లీ రాదు. తగ్గిన కబురు రాలేదంటే ఇంకా మోగుతోందని అర్థం. ఇక పేరు. ఒకసారి పెట్టాక మార్చలేరు, కాబట్టి ఏ సైటు, ఏ యంత్రం, ఏ కొలత అన్నది పేరులోనే ఉండాలి. వివరణలో చేయాల్సిన పని రాయండి: ‘యాప్ లాగ్ చూడు, చివరి మార్పు వెనక్కి తీసుకో, లాడ్జి రిసెప్షన్‌కు ఫోన్ చేసి బుకింగులు ఫోన్‌లో తీసుకోమని చెప్పు’. నిద్రలోంచి లేచిన మనిషికి అదే ఆసరా.

ఇది మీ యాప్ ఇచ్చే ఎర్రర్లను మాత్రమే లెక్కిస్తుందని గుర్తుంచుకోండి. యాప్ పూర్తిగా పడిపోతే 502 ఎర్రర్‌ను లోడ్ బ్యాలెన్సరే తయారుచేసి ఇస్తుంది, అది వేరే మెట్రిక్‌లోకి పోతుంది. ఆ పరిస్థితిని పట్టుకోవడానికి రూట్ 53 అనే ఏడబ్ల్యూఎస్ సేవలో ఒక హెల్త్ చెక్ (సైటు తెరుచుకుంటోందా అని బయటినుంచి పదేపదే చూసే పరీక్ష) పెట్టి, మొదటి పేజీకి బదులు గదుల లభ్యత చూపే పేజీని చూడమని చెప్పండి. మొదటి పేజీ క్యాష్‌లోంచి వస్తూ, డేటాబేస్ పోయినా తెరుచుకోవచ్చు. ‘హెల్త్ చెక్ స్టేటస్’ 1 కన్నా తగ్గితే మోగాలి. ఈ మెట్రిక్ నార్త్ వర్జీనియా రీజియన్‌లోనే ఉంటుంది, కాబట్టి అక్కడ ఇంకో టాపిక్ కావాలి.

జవాబు ఆలస్యం కావడానికి ‘టార్గెట్ రెస్పాన్స్ టైమ్’ను పి95తో (95% జవాబులు ఎంత సమయంలోపు వచ్చాయన్న కొలత) చూడండి. సగటు చూస్తే తొంభై మంది హాయిగా, పదిమంది నరకంలో ఉన్నా బాగున్నట్టే కనపడుతుంది. మూడు సెకన్ల హద్దు, 5 నిమిషాల పీరియడ్, 3లో 2తో మొదలుపెట్టవచ్చు. అర్ధరాత్రి నలుగురే వచ్చినప్పుడు పి95కు అర్థముండదు కనుక, తక్కువ శాంపిళ్లు ఉంటే పట్టించుకోవద్దనే ఎంపికను అక్కడే టిక్ చేయండి.

సర్వరుకు: సీపీయూ కన్నా క్రెడిట్లు

అందరూ మొదట పెట్టే సీపీయూ 80% అలారం ఈ పదిలో లేదు. సీపీయూ నిండుగా పనిచేస్తున్నా పేజీలు వేగంగా తెరుచుకుంటుంటే చేయాల్సిన పనేమీ లేదు. టీ3 యంత్రంలో చూడాల్సింది ‘సీపీయూ క్రెడిట్ బ్యాలెన్స్’. సీపీయూ పనిచేసేకొద్దీ ఖర్చయ్యే కోటా ఈ క్రెడిట్లు. టీ3 స్మాల్‌కు గంటకు 24 క్రెడిట్లు వస్తాయి, గరిష్ఠంగా 576 దాచుకోగలదు. దానిలోని రెండు వీసీపీయూలూ (వర్చువల్ సీపీయూలు) పూర్తిగా పనిచేస్తే గంటకు 120 ఖర్చవుతాయి, వచ్చే 24 పోగా నికరంగా తగ్గేది 96. కాబట్టి బ్యాలెన్స్ 100కు దిగినప్పుడు మోగితే మీకు సుమారు ఒక గంట వ్యవధి ఉంటుంది. ఆలోగా ఎక్కువ సీపీయూ తింటున్న పనిని ఆపవచ్చు, లేదా తాకిడి తగ్గిన వేళ చూసి యంత్రాన్ని పెద్దది చేయవచ్చు.

క్రెడిట్లు అయిపోతే ఏమవుతుందన్నది మోడ్‌ను బట్టి ఉంటుంది. టీ3 డిఫాల్ట్ ‘అన్‌లిమిటెడ్’: వేగం తగ్గదు, అదనపు బిల్లు పడుతుంది. ‘స్టాండర్డ్’కు మార్చి ఉంటే ఒక్కో వీసీపీయూ 20%కి కుంగిపోతుంది. ఈ మెట్రిక్ 5 నిమిషాలకోసారే వస్తుంది కనుక పీరియడ్ 5 నిమిషాలే ఉండాలి. 1 నిమిషం పెడితే మధ్య నిమిషాల్లో డేటా లేక అలారం స్థితి తప్పుతూ ఉంటుంది. ఇంకొకటి, కొత్తగా లేపిన టీ3కి చేతిలో క్రెడిట్లు ఉండవు. పండగ ముందురోజు కొత్త సర్వరు లేపితే 100 చేరడానికే నాలుగు గంటలు పైన పడుతుంది, అంతసేపూ ఈ అలారం మోగుతూనే ఉంటుంది. అది తప్పుడు మోత కాదు.

స్టేటస్ చెక్‌లకు రెండు అలారాలు. ‘స్టేటస్ చెక్ ఫెయిల్డ్ సిస్టమ్’ అంటే అమెజాన్ వైపు యంత్రంలో లోపం, దానికి ఈసీ2 యాక్షన్‌గా ‘రికవర్’ ఇవ్వండి: 1 నిమిషం చొప్పున 2 సార్లు. ‘స్టేటస్ చెక్ ఫెయిల్డ్ ఇన్‌స్టెన్స్’ అంటే మీ ఆపరేటింగ్ సిస్టమ్ వైపు లోపం, దానికి ‘రీబూట్’: 1 నిమిషం చొప్పున 3 సార్లు. రెండింటికీ ఒకే సంఖ్య ఇస్తే రికవర్, రీబూట్ ఒకదానికొకటి అడ్డం పడతాయి.

మెమరీ, డిస్కు ఎంత నిండాయో ఈసీ2 తనంతట తాను చెప్పదు. సర్వరు ఐయామ్ రోల్‌కు (దాని అనుమతులు ఉండేచోటు) ‘క్లౌడ్‌వాచ్ ఏజెంట్ సర్వర్ పాలసీ’ జోడించి, క్లౌడ్‌వాచ్ ఏజెంట్ ప్యాకేజీ వేసి, దాని విజార్డ్ నడపండి. మెట్రిక్‌ల స్థాయి అడిగినప్పుడు ‘బేసిక్’ చాలు, మెమరీ, డిస్కు రెండూ అందులో ఉంటాయి. కలెక్ట్‌డీ (మెట్రిక్‌లు సేకరించే వేరే ప్రోగ్రాము) కావాలా అని అడిగితే వద్దనండి. అది సర్వరులో లేకుండా అవునంటే, టైప్స్ డీబీ ఫైలు దొరకలేదంటూ ఏజెంట్ అసలు లేవదు. ఇవి కస్టమ్ మెట్రిక్‌లు, పది దాటితే బిల్లు. డిస్కు విభాగంలో రూట్ పార్టిషన్ ఒక్కటే ఉంచండి, లేకపోతే టెంప్ఎఫ్ఎస్ (మెమరీలో ఉండే తాత్కాలిక డిస్కు) మౌంట్లన్నీ లెక్కలోకి వస్తాయి.

డిస్కుకు 80%, మెమరీకి 90%, రెండూ 5 నిమిషాల చొప్పున 3లో 3. డిస్కు మెట్రిక్‌కు డివైస్ పేరు కూడా అతుక్కుని ఉంటుంది. టీ2 నుంచి టీ3కి మారినప్పుడు ఆ పేరు మారి, అలారం పాత పేరుకే కాపలా కాస్తుంది. ఏజెంట్ కన్‌ఫిగ్‌లో ‘డ్రాప్ డివైస్’ను ఆన్ చేస్తే ఈ బెడద ఉండదు. సర్వరునే కొత్త ఇమేజ్ నుంచి లేపితే మాత్రం ఇన్‌స్టెన్స్ ఐడీ మారుతుంది, దానిమీది అలారాలన్నీ మళ్లీ కట్టాల్సిందే.

డేటాబేస్, బిల్లు

ఆర్‌డీఎస్‌లో ‘ఫ్రీ స్టోరేజ్ స్పేస్’ను వదలొద్దు. జాగా అయిపోతే డేటాబేస్ ఆగిపోతుంది. ఈ విలువ బైట్లలో ఉంటుంది. 2 జీబీ కన్నా తగ్గితే మోగాలంటే గడిలో 2147483648 అని రాయాలి. 2 అని రాస్తే, రెండు బైట్లు మిగిలేదాకా ఎదురుచూస్తుంది.

బిల్లుకు ముందు బిల్లింగ్ ప్రిఫరెన్సెస్‌లో అలర్టులు ఆన్ చేసి, నార్త్ వర్జీనియాలో ‘ఎస్టిమేటెడ్ చార్జెస్’ మీద అలారం పెట్టండి. లెక్క డాలర్లలో, పీరియడ్ 6 గంటలు.

హద్దులు ఎక్కడ గీయాలి

పైన ఇచ్చిన అంకెలు మొదలుపెట్టడానికే. మీ సైటు హద్దులు మీ గ్రాఫులోనే ఉంటాయి. క్లౌడ్‌వాచ్ 1 నిమిషం డేటాను 15 రోజులు, 5 నిమిషాలదాన్ని 63 రోజులు, గంట డేటాను 455 రోజులు ఉంచుతుంది. అంటే నిరుడు బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులు గంటల లెక్కలో ఇంకా ఉంటాయి. స్టాటిస్టిక్ ‘మ్యాగ్జిమమ్’కు మార్చి గరుడ సేవ ముందురోజు, ఆరోజు చూడండి, వైకుంఠ ఏకాదశి వారం కూడా చూడండి. ఆ శిఖరం దగ్గర సైటు బాగానే నడిచి ఉంటే, హద్దు దానికి కాస్త పైన ఉండాలి. మామూలు మంగళవారం చూసి గీసిన హద్దు పండగకు పనికిరాదు. రెండు వారాల డేటాతో నేర్చుకుని అసాధారణతను తానే పట్టే అనామలీ డిటెక్షన్‌కు కూడా ఏడాదికోసారి వచ్చే రద్దీ తెలియదు, ఈ పనికి దాన్ని నమ్ముకోవద్దు.

గ్రాఫు సమయాన్ని లోకల్‌కు మార్చుకోండి. మెయిల్‌లో సమయం యూటీసీలో ఉంటుంది: 04:32 అని కనిపిస్తే మనకు ఉదయం 10:02.

మోగించి చూడాలి

రద్దీ లేని మధ్యాహ్నం లాడ్జివారికి ముందే చెప్పి వెబ్ సర్వీసును ఆపండి. గడియారం పట్టుకుని, ఇద్దరి ఫోన్లకూ మెయిలు ఎన్ని నిమిషాలకు వచ్చిందో రాసుకోండి. పది నిమిషాలు దాటితే పీరియడ్లు తగ్గించాలి. సర్వీసు లేపాక ‘ఓకే’ మెయిలు కూడా రావాలి. మిగతావాటికి హద్దును కాసేపు తలకిందులుగా మార్చి, మోగాక వెనక్కి పెట్టండి. మెయిలు రాకపోతే అలారం ‘హిస్టరీ’ ట్యాబులో యాక్షన్ విఫలమైన కారణం ఉంటుంది.

కొత్త కోడు ఎక్కించేటప్పుడు అలారం యాక్షన్లను డిసేబుల్ చేసి, తర్వాత ఎనేబుల్ చేయడం మరిచిపోవడం తరచూ జరిగేదే. టికెట్ల విడుదలకు ముందురోజు సాయంత్రం మీ రీజియన్‌లోనూ, నార్త్ వర్జీనియాలోనూ అలారాల జాబితా తెరిచి, ‘యాక్షన్స్’ గడిలో పదింటికీ ‘ఎనేబుల్డ్’ అని ఉందో లేదో, బూడిద రంగులో ఏదైనా మిగిలిందో చూడండి.