‘బ్యూరో’ అంటే రాతబల్లా, సొరుగుల బీరువానా?

విదేశీ అమ్మకందారుల దగ్గర పాతకాలపు రాతబల్ల కోసం ‘బ్యూరో’ అని వెతికితే బట్టలు పెట్టుకునే బీరువాలూ వచ్చిపడి విసుగు పుడుతుంది. బ్రిటన్‌లో ఆ మాటకు ఏటవాలు మూత గల రాతబల్ల అని అర్థం కాగా, అమెరికాలో పడకగదిలోని సొరుగుల బీరువాను అలా అంటారు. అమెరికా సరుకైతే ‘స్లాంట్ ఫ్రంట్ డెస్క్’ అని వెతకాలి. ఫొటోలో పై సొరుగుకు ఇరువైపులా, చిన్న పిడితో, సన్నని చెక్కలు రెండు నిలువుగా కనిపిస్తే అది దాదాపుగా రాతబల్లే: వాటిని ముందుకు లాగి, వాటిమీద మూతను వాల్చి రాసుకుంటారు (లాగకుండా తెరిస్తే బందులు ఊడతాయి). అయితే మూత బరువును ఇత్తడి పట్టీలు మోసే ‘సెక్రెటేర్’ రకానికి ఈ చెక్కలుండవు కనుక, మూత తెరిచి తీసిన ఫొటో అడగక తప్పదు.