నరికినా చిగురించే సుబాబుల్ మొద్దు: నా అనుభవం

ప్రహరీ పక్కన ఏపుగా పెరిగిన సుబాబుల్‌ను కొట్టించినా, మొద్దు చుట్టూ గుత్తులుగా చిగుళ్లు వస్తూనే ఉండేవి. ఉప్పు, కిరోసిన్, మళ్లీ మళ్లీ నరకడం, ఏవీ పనిచేయలేదు.

చివరికి ఎండాకాలంలో మొద్దు చుట్టూ అడుగు లోతు తవ్వి, పక్కవేర్లను గొడ్డలితో తెంచాను. తరువాత కొడవలితో బెరడును పైనుంచి వేరు మొదలు దాకా ఒలిచాను. అసలు కిటుకు ఇక్కడే ఉంది. చిగుళ్లు పుట్టేది బెరడు కిందినుంచే. వేలెడు పచ్చి పొర మిగిలినా అక్కడ మొలక లేస్తుంది. తెల్లని చెక్క నున్నగా బయటపడే వరకు గీకాలి. ఆపైన మందమైన నల్ల టార్పాలిన్ కప్పి, అంచుల మీద మట్టి వేసి తొక్కాను. వానాకాలం గడిచినా మొద్దు చిగురించలేదు.

రాలిన గింజలు మాత్రం ఇంకా మొలుస్తున్నాయి. వాన పడి నేల మెత్తబడగానే వేళ్లతో సహా పీకేస్తున్నాను. దూరపు వేర్ల నుంచి కూడా పిలకలు వేసే వేప వంటి చెట్లకు ఇదొక్కటే సరిపోతుందని చెప్పలేను.