కుడి భుజం పైకి లేచింది

జాకెట్టు కొలతలు తీసుకుంటూ టైలరమ్మ, "మీ కుడి భుజం కాస్త ఎత్తుగా ఉందండీ" అంది. అప్పుడు అర్థమైంది నా మెడనొప్పి ఎక్కడిదో. ఆఫీసు బ్యాగు ఎప్పుడూ కుడి భుజానికే. పట్టీ జారకుండా తెలియకుండానే భుజం ఎగరేసి, మెడ పక్కకు వంచి నడుస్తున్నాను. తూచి చూస్తే 6.5 కిలోలు! పిల్లల స్కూలు బ్యాగే ఒంటి బరువులో 10 శాతం దాటకూడదని 2020 నాటి కేంద్ర విధానం చెబుతోంది.

రెండు భుజాలకు తగిలించుకునే బ్యాగు కొన్నాను. ల్యాప్‌టాప్ వీపుకు ఆనేలా పెట్టి, బ్యాగు నడుము కిందికి వేలాడకుండా పట్టీలు బిగించాను. లీటరు సీసా ఖాళీగా తీసుకెళ్లి ఆఫీసులోనే నింపుకుంటున్నాను, కిలో బరువు తగ్గినట్టే. కూరగాయలు రెండు సంచుల్లో, చేతికొకటి. రెండు నెలల్లో నొప్పి పోయింది. చేయి తిమ్మిరెక్కుతుంటే మాత్రం డాక్టరుకు చూపించుకోండి.