ఇంట్లో ఆవిరి రైలు, ఆరో పాఠం: లోకో షెడ్డు, దాని ముంగిట నేల

గత పాఠంతో మన బల్ల మీద నమూనా రైలుకి ట్రాక్ పరవడం, వైర్లు కలపడం పూర్తయ్యాయి. ఇంజన్ ఎక్కడా తడబడకుండా ఒక చుట్టు తిరిగి వస్తోంది. ఇక స్టేషన్ వెనక ఖాళీగా వదిలిన జాగాకి వద్దాం. అది లోకో షెడ్డు కోసం వదిలింది. ఈ పాఠాలన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైన పాఠం ఇదే, కాబట్టి కాస్త తీరిగ్గా చెప్తాను.

డీజిల్ ఇంజన్ సంగతి వేరు. ట్యాంకు నింపేస్తే పైకి పెద్దగా ఏమీ కనబడదు. ఆవిరి ఇంజన్ బతుకంతా బయటికే కనిపిస్తుంది. అది బొగ్గు తింటుంది, నీళ్లు తాగుతుంది, బూడిద వదులుతుంది, నూనె కారుస్తుంది. ఇవన్నీ జరిగే చోటు షెడ్డు. అందుకే షెడ్డు చేసేటప్పుడు నేను ఒకే నియమం పెట్టుకుంటాను: ఏ వస్తువైనా, ఏ మరకైనా సరే, ఎవరు ఏ పని చేస్తే అది అక్కడికి వచ్చిందో చెప్పగలిగితేనే పెడతాను. చెప్పలేకపోతే ఎంత అందమైన బొమ్మయినా డబ్బాలోనే ఉంచేస్తాను.

డ్యూటీ దిగిన ఇంజన్ షెడ్డుకి వచ్చాక ఏం జరిగేదో ముందు చూద్దాం. ఇంజన్ వెనక బొగ్గూ నీళ్లూ మోసే బండిని టెండర్ అంటారు. అందులో బొగ్గు వేస్తారు, నీళ్లు పడతారు. తర్వాత యాష్ పిట్ అనే బూడిద గుంట మీద ఆపుతారు. అక్కడ ఫైర్‌బాక్స్‌లో మిగిలిన నిప్పునీ, బూడిద కరిగి గట్టిపడిన క్లింకర్ గడ్డల్నీ పొడవాటి ఇనప కడ్డీలతో లాగేస్తారు. కిందున్న యాష్‌పాన్ ఖాళీ చేస్తారు. ముందువైపు స్మోక్‌బాక్స్ తలుపు తెరిచి, లోపల పేరుకున్న మసినీ బూడిదనీ పారతో తోడి పోస్తారు. ఆ తర్వాత అవసరమైతే టర్న్‌టేబుల్ మీద ఇంజన్ ముఖం తిప్పి షెడ్డులో పెడతారు. ఈ వరస దేశాన్ని బట్టి, షెడ్డుని బట్టి మారేది. అయితే రెండు విషయాలు మాత్రం మారవు. బాయిలర్లోకి నీటిని తోసే ఇంజెక్టర్ ఆవిరితోనే పని చేస్తుంది కాబట్టి, నిప్పు తీయకముందే బాయిలర్ నింపుకోవాలి. నిప్పు తీశాక ఇంజన్ కదిలేది మిగిలిన ఆవిరితోనే, కాబట్టి గుంటకీ షెడ్డుకీ మధ్య దూరం తక్కువగా ఉండాలి. మీ ప్లాన్‌లో వాటర్ కాలమ్ (ఇంజన్‌కి నీళ్లు పట్టే గొట్టపు స్తంభం) బూడిద గుంట పక్కనే ఉందా, గుంట నుంచి షెడ్డు దగ్గరేనా అని ఇప్పుడే చూసుకోండి. లేకపోతే జిగురు వేయకముందే మార్చేయండి.

కొలతలకి మనం మొదటినుంచీ హెచ్‌ఓ స్కేల్ వాడుతున్నాం. అంటే 1:87, ఒక అడుగుకి 3.5 మి.మీ. 60 అడుగుల టర్న్‌టేబుల్ అయితే 210 మి.మీ., 70 అడుగులదైతే 245 మి.మీ. అవుతుంది. మీ దగ్గరున్న పొడవైన ఇంజన్‌ని టెండర్‌తో కలిపి, మొదటి చక్రం నుంచి చివరి చక్రం దాకా కొలిచి, దానికంటే కాస్త పెద్దది ఎంచుకోండి. జాగా చాలకపోతే టర్న్‌టేబుల్ మానేయండి, బెంగ పడొద్దు. టెండర్ లేకుండా బొగ్గూ నీళ్లూ తమమీదే మోసుకెళ్లే ట్యాంక్ ఇంజన్లు ఎటైనా నడుస్తాయి. చిన్న బ్రాంచ్ లైన్ల చివర ఒక్క ట్రాక్ షెడ్డు, ఒక బూడిద గుంట, ఒక బొగ్గు ప్లాట్‌ఫాం, ఒక వాటర్ కాలమ్ మాత్రమే ఉన్న చోట్లు ఎన్నో ఉండేవి. నన్నడిగితే మొదటిసారి చేసేవాళ్లకి అదే మంచిది. పెద్ద షెడ్డు సగంలో ఆగిపోవడం కంటే చిన్న షెడ్డు అంగుళం అంగుళం పూర్తవడం మేలు.

టర్న్‌టేబుల్ పెట్టేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. దాని బ్రిడ్జి, అంటే ఇంజన్‌ని మోస్తూ తిరిగే ట్రాక్ ముక్క, 180 డిగ్రీలు తిరిగిందంటే ఎడమ పట్టా కుడికి, కుడి పట్టా ఎడమకి వస్తుంది. ఆ స్థితిలో ఇంజన్ బయటి ట్రాక్ మీదికి వస్తే షార్ట్ అవుతుంది. డీసీసీలో (డిజిటల్ కంట్రోల్) అయితే బ్రిడ్జికి విడిగా ఆటో రివర్సర్ మాడ్యూల్ పెట్టాలి. మామూలు డీసీ అయితే రెండు ముక్కలుగా చీల్చిన రింగు ద్వారా కరెంటు ఇవ్వాలి, అప్పుడు సగం తిరగ్గానే పోలారిటీ దానంతటదే మారుతుంది. రెడీమేడ్ టర్న్‌టేబుల్ కొంటే ఈ ఏర్పాటు అందులో ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

ఇక బూడిద గుంట. బజార్లో ప్లాస్టిక్‌వి దొరుకుతాయి కానీ, చేత్తో చేసుకోవడం పెద్ద కష్టం కాదు.

మన బల్ల 9 మి.మీ. ప్లైవుడ్, దాని మీద 3 మి.మీ. కార్క్. గుంట వచ్చే చోట 16 మి.మీ. వెడల్పు, 210 మి.మీ. పొడవు గీసుకుని, కార్క్‌నీ ప్లైనీ కలిపి ఆ మేరకు కోసేయండి. కిందినుంచి ఒక చెక్క ముక్క జిగురుతో బిగించండి. పైనుంచి 1.5 మి.మీ. ప్లాస్టిక్ షీటు నేలగా పరిస్తే లోతు 10.5 మి.మీ. మిగులుతుంది. అసలు గుంటలో అది మూడడుగులు. ఇటుకల గుర్తులున్న 2 మి.మీ. షీటుని రెండు పక్కలా గోడలుగా నిలబెడితే లోపలి వెడల్పు 12 మి.మీ. అవుతుంది. మనిషి దిగాలి కదా, ఒక చివర మెట్లు చేయండి. చిన్న షీటు ముక్కల్ని ఒకదాని మీద ఒకటి అంటిస్తే చాలు.

ట్రాక్ వేయకముందే గోడలకీ నేలకీ రంగు వేసేయండి. తర్వాత బ్రష్ దూరదు. కింది ఇటుకలు బూడిద పొరతో తెల్లబారి ఉంటాయి, పైవి నూనెతో నల్లగా ఉంటాయి. నేల తడిగా, ముదురుగా ఉండాలి, ఎందుకంటే వేడి బూడిద మీద నీళ్లు కొట్టేవారు.

ఇప్పుడు ఫ్లెక్సిబుల్ ట్రాక్‌ని గుంట మీదుగా పరచండి. పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్ల చివరలు రెండు వైపులా కార్క్ మీద ఆనుతాయి. అక్కడ ఎపాక్సీ రాసి, మీద బరువు పెట్టి, ఒక రాత్రంతా వదిలేయండి. పూర్తిగా గట్టిపడ్డాక, పట్టాల మధ్య స్లీపర్ల నడిమి భాగాన్ని పదునైన కట్టర్‌తో 12 మి.మీ. మేర కోసి తీసేయండి. పట్టాల్ని పట్టుకునే కుర్చీలు అలాగే ఉంటాయి, నడుమ గుంట తెరుచుకుంటుంది. చూడ్డానికి పట్టాలు నేరుగా గోడల మీదే కూర్చున్నట్టు ఉంటుంది. నేను మొదటిసారి చేసినప్పుడు జిగురు ఆరిందనుకుని నాలుగు గంటలకే కోశాను. పట్టా పక్కకి జరిగి గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) పెరిగింది, ఇంజన్ చక్రం లోపలికి దిగిపోయింది. మొత్తం ఊడదీసి మళ్లీ వేయాల్సి వచ్చింది. అందుకే రాత్రంతా అంటున్నాను. కోసే ముందూ కోసిన తర్వాతా గేజ్ 16.5 మి.మీ. ఉందో లేదో చూడండి. అన్నిటికంటే పొడవైన ఇంజన్‌ని చేత్తో మెల్లగా దాని మీదుగా తోసి చూడండి.

తర్వాతది నేల. చాలామంది షెడ్డు యార్డులో కూడా మెయిన్ లైన్‌లాగే శుభ్రమైన కంకర పోస్తారు. పాత ఫోటోలు చూడండి. యార్డులో చాలాచోట్ల స్లీపర్లు కనబడీ కనబడకుండా ఉంటాయి. రోజూ వచ్చే బూడిదనే నేల మీద పరిచి తొక్కేవారు, అది స్లీపర్ల పైదాకా నిండిపోయేది. మనుషులు కాలు తగలకుండా నడవడానికి కూడా అదే అనువు.

అది రావాలంటే, ట్రాకుల మధ్య పల్లాన్ని ముందు అట్టముక్కలతో ఎత్తు చేయండి. వాటి మీద గాలికి ఆరే బంకమట్టిని పలచగా పరిచి, తడి వేలితో స్లీపర్ల మధ్యకి నొక్కండి. పట్టాల బయటివైపు మట్టి, పట్టా పైభాగం కంటే ఒక మి.మీ. కిందే ఆగాలి. లోపలివైపు స్లీపర్ పైమట్టం దాటకూడదు, ఎందుకంటే చక్రం అంచు అక్కడే నడుస్తుంది. మట్టి తడిగా ఉండగానే ఒక వ్యాగన్‌ని అటూ ఇటూ తోయండి. అంచు ఎక్కడ తగులుతుందో గీత పడి తెలిసిపోతుంది. ట్రాక్ రెండుగా చీలే పాయింట్ల దగ్గర, కదిలే బ్లేడ్ల కింద, వాటిని కలిపే టై బార్ చుట్టూ మట్టి అసలు వద్దు. అక్కడ రంగుతోనే సరిపెట్టండి. ఆరేటప్పుడు మట్టి కుదించుకుని పగుళ్లిస్తుంది. రెండో పొర పలచగా పూస్తే పోతాయి.

దాని మీద టీ వడపోతలో జల్లించిన సన్నటి ఇసుక చల్లి, సగం నీళ్లు సగం తెల్ల జిగురు కలిపి, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి, డ్రాపర్‌తో తడపండి. జిగురు వేయకముందు ఇసుక మీదుగా అయస్కాంతం తిప్పడం మాత్రం మరవకండి. ఇసుకలోనైనా, నిజం బూడిదలోనైనా ఇనుము కలిసిన రవ్వలుంటాయి. అవి ఇంజన్ మోటార్‌లోని అయస్కాంతానికి అంటుకుని దాన్ని పాడు చేస్తాయి. కట్టెల బూడిద వాడదామనుకునేవాళ్లు ముందు ఒక ముక్క మీద వేసి చూడండి. జిగురు తగిలితే అది బాగా నల్లబడుతుంది, మీరనుకున్న రంగు నిలవదు.

రంగు విషయంలో నా మొదటి షెడ్డు నాకు బాగా పాఠం నేర్పింది. బొగ్గు, మసి ఉండే చోటు కదా అని నేలంతా నలుపు వేశాను. నల్ల ఇంజన్‌ని తెచ్చి పెడితే కనబడలేదు. చేసిన చిన్న వివరాలన్నీ ఆ నలుపులో మునిగిపోయాయి. చిన్న స్కేల్లో రంగులు అసలు వాటికంటే కాస్త లేతగా ఉండాలి. ఇప్పుడు నేను నలుపు సొంతంగా ఎక్కడా వాడను. ముదురు గోధుమ, బూడిద రంగు, కొంచెం నలుపు కలిపి అడుగు పొర వేస్తాను. అది ఆరాక ఎక్కడ ఏ పని జరుగుతుందో చూసుకుంటూ పొడి రంగులు అద్దుతాను. గుంట పక్కన ఇవాళ్టి బూడిద కుప్ప లేత రంగులో ఉంటుంది, వారం కిందటిది వానకి తడిసి ముదిరి ఉంటుంది. క్లింకర్ ముక్కల్లో అక్కడక్కడ తుప్పు రంగు. ఇంజన్లు గంటల తరబడి నిలబడే చోట పట్టాల మధ్య నూనె కారి నల్లగా మెరుస్తుంది, అక్కడ ఒక్కచోటే మెరిసే (గ్లాస్) వార్నిష్. వాటర్ కాలమ్ కింద నేల ఎప్పుడూ తడే, కాబట్టి ముదురు రంగూ, అంచున కాస్త పాచి పచ్చదనమూ ఉండాలి. గడ్డి, ఎవరూ నడవని మూలల్లో మాత్రమే. పట్టాల పక్కలకి తుప్పు గోధుమ రంగు వేసి, పైభాగం వెంటనే తుడిచేయండి, లేకపోతే కరెంటు అందదు. ఇవన్నీ బల్ల మీద శాశ్వతంగా ఉండే లైటు కిందే చూసి వేయండి. పగటి వెలుతురులో కుదిరిన రంగు పసుపు బల్బు కింద వేరేలా ఉంటుంది.

బొగ్గుకి నిజమైన బొగ్గుకి మించింది లేదు. గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టి, రెండు జల్లెడలతో వేరు చేయండి. 2 నుంచి 4 మి.మీ. ముక్కలు టెండర్లోకి, వ్యాగన్లలోకి. సన్నటి పొడి బొగ్గు ప్లాట్‌ఫాం చుట్టూ, పట్టాల మధ్య రాలినట్టు. టెండర్లో అంచుదాకా సమంగా నింపొద్దు. డ్యూటీ చేసి వచ్చిన టెండర్‌లో బొగ్గు ముందువైపు, ఫైర్‌మన్ పార తగిలే చోట తరిగి ఉంటుంది.

మీరు ఏ కాలం చేస్తున్నారో ఇక్కడే తేలిపోతుంది. బ్రిటన్‌లో 1930లలో పెద్ద షెడ్లకి కాంక్రీటు బొగ్గు టవర్లు కట్టారు. చిన్న షెడ్లలో చివరిదాకా పార, బుట్ట పనే. అక్కడ మెయిన్ లైన్ ఆవిరి సర్వీసులు 1968 ఆగస్టులో ముగిశాయి. ఆ చివరి ఏళ్ల షెడ్డు చేస్తుంటే విరిగిన అద్దాలు, తుడవని ఇంజన్లు, పేరుకుపోయిన బూడిద కుప్పలు సరిపోతాయి. అదే 1930లు అయితే ఇంజన్లు తళతళలాడాలి, ఎందుకంటే వాటిని తుడవడానికే అప్పట్లో కుర్రాళ్లుండేవారు. రెండు కాలాల్నీ ఒకే బల్ల మీద కలపకండి.

షెడ్డు భవనం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కిట్ ఏదైనా పరవాలేదు. పొగ పోయే గొట్టాల చుట్టూ, తలుపుల పైన మసి చారలు మాత్రం తప్పనిసరి. లోపల కూడా పట్టాల మధ్య గుంటలుంటాయి, కానీ తలుపు దగ్గర రెండంగుళాలు చేస్తే చాలు, అంతకుమించి ఎవరికీ కనబడదు.

ఆఖర్న చిన్న వస్తువులు. గుంట పక్కన పొడవాటి కడ్డీలు ఆనించే ఇనప స్టాండు, పార, తోపుడు బండి. చలి దేశమైతే వాటర్ కాలమ్ గడ్డకట్టకుండా దాని పాదం దగ్గర చిన్న బొగ్గు కుంపటి. ఇంజన్ చక్రాలు జారకుండా పట్టాల మీద వదిలే ఇసుకని ఎండబెట్టే చిన్న గది. వీటికంటే ముఖ్యంగా, బొగ్గు తెచ్చే వ్యాగన్‌కి ఒక సైడింగ్, బూడిద మోసుకెళ్లే ఖాళీ వ్యాగన్‌కి గుంట పక్కన ఒక చోటు వదలండి. అప్పుడు షెడ్డుకి కూడా ఒక గూడ్సు బండి రావాలి, సరుకు దించాలి, బూడిద ఎక్కించుకుని పోవాలి. మీకు నడపడానికి ఒక పని పెరుగుతుంది.

వచ్చే పాఠంలో చెయ్యి చాచినట్టుండే సెమాఫోర్ సిగ్నళ్లు, వాటిని కదిలించే తీగలు చేద్దాం. దానికి 0.5 మి.మీ. ఇత్తడి తీగా, సన్నటి డ్రిల్ బిట్లూ సిద్ధం చేసుకోండి. ఈలోగా యార్డులో ప్రతి ట్రాక్ మీదా ఇంజన్‌ని అతి తక్కువ వేగంతో రెండు వైపులా నడిపి, ఎక్కడ కుదుపు వచ్చినా అక్కడి మట్టిని గోటితో గీకి సరిచేయండి. ఊడిన ఇసుక రేణువులు మిగిలితే మెత్తటి బ్రష్‌తో ఊడ్చి, వాక్యూమ్‌తో తీసేశాకే పవర్ ఇవ్వండి.