జాజ్ బేస్‌లో ఒక్క పికప్‌నే మార్చేవారికి

ఫెండర్ జాజ్ బేస్ తరహా బేస్ గిటార్లలో రెండు సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట గల) పికప్‌లకు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలకు) చుట్ల దిశ, అయస్కాంత ధ్రువం సాధారణంగా పరస్పరం వ్యతిరేకంగా ఉంటాయి కాబట్టే, రెండు వాల్యూములూ పూర్తిగా పెంచినప్పుడు హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే రొద) చాలావరకు అణిగిపోతుంది. అందువల్ల ఒక్క పికప్‌నే మార్చదలచినవారు, సోల్డరింగ్ చేయకముందే, కొత్తదానినీ మిగిలే పాతదానినీ తీగల వైపు ముఖాలు ఎదురెదురుగా ఉండేలా దగ్గరకు తెచ్చి పరీక్షించాలి. అవి ఆకర్షించుకుంటే ధ్రువాలు సరిపోయినట్లే. వికర్షించుకుంటే మాత్రం ఆ పికప్‌ను తిరిగి ఇచ్చివేయడమే మేలు, ఎందుకంటే వైర్లు తారుమారు చేసి హమ్ తగ్గించినా మంద్రధ్వని పలచబడుతుంది. ధ్రువాలు సరిపోయినా రెండూ కలిసి పలచగా మోగితే, కొత్త పికప్ రెండు వైర్లను తారుమారు చేస్తే చాలు. నెక్ వైపు పికప్ సాధారణంగా కొంచెం పొట్టిదని కొనేముందే గమనించాలి (లేకుంటే గిటార్ చెక్కలోని గాడిని పెంచడానికి ఉలి పట్టవలసి వస్తుంది). పాసివ్ (బ్యాటరీ అక్కరలేని) పికప్‌కు పాత 250 కిలో ఓమ్ పాట్‌లను (వాల్యూము, టోన్ తిప్పే నియంత్రకాలను) మార్చనక్కరలేదు.