నీలం రంగు చెప్పే రేటు నియమం
చిక్కడపల్లిలో డిగ్రీ పిల్లలకు రసాయన శాస్త్రం చెబుతాను. వాళ్లలో నేను మొదట మాన్పించే అలవాటు, చర్య సమీకరణంలోని గుణకాలనే రేటు నియమంలో క్రమాంకాలుగా రాయడం. రేటు నియమం అంటే చర్య వేగం గాఢతల మీద ఎలా ఆధారపడుతుందో చెప్పే సూత్రం. అందులో ఒక్కో గాఢత మీద ఉండే ఘాతమే క్రమాంకం. పెర్‌సల్ఫేట్, అయొడైడ్ కలిసి అయొడిన్ ఇచ్చే చర్యలో ఒక పెర్‌సల్ఫేట్‌కు రెండు అయొడైడ్‌లు ఖర్చవుతాయి. అయినా అయొడైడ్ క్రమాంకం 1. ఆ సంగతి ప్రయోగమే చెప్పాలి.

అయొడైడ్ ద్రావణంలో కొద్దిగా థయోసల్ఫేట్, స్టార్చ్ కలపండి. పెర్‌సల్ఫేట్ పోసిన క్షణం నుంచి సెకన్లు లెక్కించండి. పుట్టిన ఒక్కో అయొడిన్‌ను రెండు థయోసల్ఫేట్‌లు వెంటనే తినేస్తాయి. థయోసల్ఫేట్ అయిపోగానే అయొడిన్ స్టార్చ్‌తో కలిసి నీలం రంగు కమ్ముకుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. థయోసల్ఫేట్ గాఢతలో సగాన్ని ఆ సెకన్లతో భాగిస్తే తొలి రేటు.

ఇప్పుడు అయొడైడ్ గాఢతను మాత్రమే సగం చేయండి. సమయం రెట్టింపైతే క్రమాంకం 1, నాలుగింతలైతే 2, మారకపోతే సున్నా. తగ్గించిన అయొడైడ్ స్థానంలో నీళ్లు పోయకండి, అంతే గాఢత గల పొటాషియం క్లోరైడ్ పోయండి. అయాన్ల బలం, అంటే ద్రావణంలోని అయాన్ల గాఢతలను ఆవేశాలతో కలిపి చూసే కొలత, మారితే రేటు స్థిరాంకమూ (రేటు నియమంలో గాఢతలను గుణించే స్థిర సంఖ్య) మారుతుంది. పెర్‌సల్ఫేట్‌కూ ఇదే పద్ధతి. అక్కడ పొటాషియం సల్ఫేట్ వాడండి.

కలిపాక అయొడైడ్ 0.08, పెర్‌సల్ఫేట్ 0.04, థయోసల్ఫేట్ 0.001 మోలార్, సమయం 50 సెకన్లు అనుకుందాం. రేటు 0.00001. దాన్ని అయొడైడ్, పెర్‌సల్ఫేట్ గాఢతల లబ్ధం 0.0032తో భాగిస్తే రేటు స్థిరాంకం సుమారు 0.0031. రెండింటి క్రమాంకాలూ 1, మొత్తం రెండో క్రమాంక చర్య కాబట్టి ప్రమాణం లీటర్ మోల్⁻¹ సెకను⁻¹.

హైదరాబాద్ మే నెలలో ఉదయం కొలతకూ మధ్యాహ్నం కొలతకూ పొంతన ఉండదు. బీకర్లన్నిటినీ 30 డిగ్రీల నీళ్ల తొట్టిలో ఉంచాకే కలపండి.